మూడో చావుకే గంట మోగాలి

ఇంటర్ రెండో సంవత్సరం గణితం టూ-ఏ పేపరు రాసిన తెలుగు పిల్లలకు ఏళ్ల తరబడి తెలిసిన లెక్క ఒకటుంది. ఒక యాదృచ్ఛిక చలరాశి తీసుకునే విలువలు 0, 1, 2. వాటి సంభావ్యతలు వరసగా: మూడు సి ఘనం, నాలుగు సి లోంచి పది సి వర్గం తీసేస్తే మిగిలేది, అయిదు సి లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది. సి ఎంత? మూడూ కలిపితే ఒకటి రావాలి కాబట్టి ఘన సమీకరణం పుడుతుంది. దాని మూలాలు 1, 2, 1/3. మొదటి రెండూ పెడితే సంభావ్యత ఒకటిని దాటిపోతుంది, వాటిని కొట్టేయాలి. మిగిలింది 1/3. సంభావ్యతలు 1/9, 2/9, 6/9. మార్కులు పడతాయి.

ఆ చలరాశి దేన్ని లెక్కపెడుతోంది? సున్నా అంటే ఏది సున్నా? రెండు అంటే ఏవి రెండు? పేపరు చెప్పదు, గైడు చెప్పదు, చెప్పే తీరిక మాస్టారికి ఉండదు, అడిగే ధైర్యం పిల్లాడికి ఉండదు. లోకంలో దేనికీ చెందని అంకెల్ని పట్టుకుని ఘన సమీకరణం సాధించడాన్ని మనం సాంఖ్యకశాస్త్రం అంటున్నాం. ఈ లెక్క తప్పని నేను అనడం లేదు. బీజగణితంగా బాగానే ఉంది. కానీ సంభావ్యతా విభాజనం అనే మాట పిల్లాడి చెవిన పడే మొదటిసారి, చాలామందికి అదే ఆఖరిసారి కూడా, ఈ ఖాళీ డబ్బాను చేతికిచ్చి పంపిస్తున్నాం. గుంటూరులోనో విజయవాడలోనో ఇలా చేస్తే నష్టం కొంతే. గిరిజన ఏజెన్సీ కొండల్లోని అడ్డతీగలలో చేస్తే మాత్రం దాన్ని నేరమనే అంటాను. ఎందుకో చెబుతాను.

అడ్డతీగల పక్క మండలం వై.రామవరం. అందులో చాపరాయి అనే కొండపల్లె ఉంది. 2017 మే, జూన్ నెలల్లో ఆ ఊళ్లో మనుషులు జ్వరాలతో ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. సంగతి పత్రికలకెక్కేసరికి పోయినవాళ్లు పదహారు మంది. ఆ తర్వాత వైద్య బృందాలు వెళ్లాయి, అధికారులు వెళ్లారు, నీళ్ల నమూనాలు తీశారు, తిండి మీదా మలేరియా మీదా వాదనలు నడిచాయి. నేను ఆ వాదనల్లోకి పోను. నన్ను నిద్రపోనివ్వనిది ఒకటే ప్రశ్న: పదహారో చావు దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది? ఎన్నో చావు దగ్గర గంట మోగాలి?

దీనికి జవాబు ఇంటర్ పాఠంలోనే ఉంది. మూడు వందల మంది ఉండే కొండపల్లె అనుకుందాం. వెయ్యి మందికి ఏడాదికి ఎనిమిది చావులు మామూలు అనుకుందాం, మన గ్రామాల లెక్క అటూ ఇటూగా అంతే ఉంటుంది. అంటే ఆ పల్లెలో ఏడాదికి 2.4, నెలకు సగటున 0.2. ముసలితనం, పాముకాటు, ఏవో పాత జబ్బులు, అన్నీ కలిపి అంతే. ఈ చావులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తున్నాయనుకుంటే నెలకు ఎన్ని వస్తాయన్నది పాయిజాన్ విభాజనం చెబుతుంది. ఒక్క చావూ లేని నెల సంభావ్యత 0.819. ఒకటి పడే నెల 0.164. రెండు పడే నెల 0.016. మూడు, అంతకుమించి పడే నెల 0.00115. అంటే దాదాపు ఎనిమిది వందల డెబ్భై నెలలకు ఒక్కసారి. డెబ్భై రెండేళ్లకు ఒక్క నెల.

ఒక నెలలో మూడో పాడె లేచిందంటే అది తలరాత కాదని చెప్పడానికి ఇంతకన్నా లెక్క అక్కర్లేదు. నాలుగో చావు కోసం కాచుకోవాల్సిన పని లేదు. పదహారు సంగతా? వెయ్యి మంది జనాభా ఉన్న ఊరికైనా నెలలో పదహారు చావులు మామూలుగా వచ్చిపడే అవకాశం కోటి కోట్లలో ఒకటి కూడా కాదు. అక్కడికి వచ్చాక సాంఖ్యకశాస్త్రం అవసరం లేదు, కళ్లుంటే చాలు. ఈ శాస్త్రం ఉన్నది మూడో చావు కోసం. కంటికి ఇంకా 'జరుగుతుంటాయిలే' అనిపించే చోట 'కాదు' అని చెప్పడానికే అది పుట్టింది.

దీనికి ఎదురు ప్రశ్న వేసేవారుంటారు, వేయాలి కూడా. ఒక్క పల్లె సంగతి సరే, వెయ్యి పల్లెలుంటే? వెయ్యి పల్లెలు, పన్నెండు నెలలు: పన్నెండు వేల పల్లె-నెలలు. 0.00115తో గుణిస్తే పద్నాలుగు. అంటే ఏ రోగమూ లేకపోయినా ఏడాదికి పద్నాలుగుసార్లు ఎక్కడో ఒకచోట ఊరికే మూడు చావులు పడతాయి, గంట ఊరికే మోగుతుంది. నిజమే. ఏడాదికి పద్నాలుగుసార్లు ఒక డాక్టరు, ఒక నర్సు, రక్తపరీక్ష కిట్లు జీపులో వెళ్లి, ఏమీ లేదని తేల్చుకుని తిరిగి రావాలి. వెయ్యి పల్లెల ప్రాణాలకు కట్టాల్సిన వెల ఇదే! గంట నాలుగో చావుకే మోగాలని నియమం పెట్టుకుంటే ఊరికే మోగేది ఏడాదికి ఒక్కసారి కూడా ఉండదు, కానీ ఒక మనిషిని ఎక్కువ పోగొట్టుకుంటాం. మూడా, నాలుగా అన్నది డాక్టర్లూ అధికారులూ ఊరి పెద్దలూ కూర్చుని తేల్చుకోవాల్సిన మాట. ఆ మాట తేల్చుకోవడానికి కావలసిన గణితం అడ్డతీగల పిల్లాడు చదువుతున్న పుస్తకంలోనే ఉంది. దాన్ని వాడు ఈ పనికి వాడొచ్చని ఎవరూ చెప్పలేదు. ఇదీ నా కోపం.

పాయిజాన్ విభాజనానికి పేరు తెచ్చిన ఉదాహరణ కూడా చావులదే. 1898లో లాడిస్లాస్ బోర్ట్‌కీవిచ్ అనే ఆయన ప్రష్యా సైన్యంలో గుర్రాల తన్నులకు చనిపోయిన సైనికుల లెక్క తీశాడు. పది దళాలు, ఇరవై ఏళ్లు, కలిపి రెండు వందల దళ-సంవత్సరాలు. మొత్తం చావులు 122, సగటు 0.61. ఒక్క చావూ లేనివి 109. ఒకటి ఉన్నవి 65. రెండు ఉన్నవి 22. మూడు ఉన్నవి 3. నాలుగు ఉన్నది 1. పాయిజాన్ సూత్రం ప్రకారం రావాల్సినవి 109, 66, 20, 4, 1. పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే ఏడు నలుగుర్ని పోగొట్టుకున్న దళాన్ని చూసి ఏ సేనాధిపతైనా అక్కడి గుర్రపుశాల అధికారిని ఉరితీయాలనుకుంటాడు. లెక్క మాత్రం ఆగమంటుంది: రెండు వందల్లో అలాంటిది ఒకటి ఎలాగూ పడుతుంది, దోషం ఆ ఒక్కడిది కాకపోవచ్చు. విభాజనాలను పోల్చడం అంటే ఇదే. రావాల్సింది ఒక వరస, వచ్చింది ఒక వరస. రెండూ కలిస్తే ఊరికే ఎవరినీ నిందించొద్దు. కలవకపోతే ఊరికే ఎవరినీ వదలొద్దు.

కలవని వరస ఎలా ఉంటుందో ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రిజిస్టరులోనైనా వెతకొచ్చు. ఒక కేంద్రం కింద పది పల్లెలు, నెలలో ఇరవై మలేరియా కేసులు అనుకోండి. సగటు పల్లెకు రెండు. పై అధికారికి పోయే కాగితం మీద 'రెండు' అనే ఉంటుంది. కేసులు మాత్రం ఏడు పల్లెల్లో సున్నా, ఎనిమిదోదాంట్లో ఒకటి, తొమ్మిదోదాంట్లో మూడు, పదోదాంట్లో పదహారు. యాదృచ్ఛికంగా వచ్చిన కేసులైతే విస్తృతి, అంటే సగటు నుంచి తేడాల వర్గాల సగటు, సగటుకు దగ్గరగా, రెండు చుట్టుపక్కల ఉండాలి. ఇక్కడ విస్తృతి 22.6. పదకొండు రెట్లు! ఆ పదో పల్లెలో ఏదో ఉంది: నిలిచిన నీరో, మందు కొట్టని ఇళ్లో, అడ్డతీగల ఆసుపత్రి దాకా రాలేని దారో. సగటు చూసినవాడు పది పల్లెలకూ సమానంగా దోమతెరలు పంచుతాడు, న్యాయం చేశానని నమ్ముతాడు. విస్తృతి చూసినవాడు పదో పల్లెకు నడుస్తాడు.

తెలుగు పుస్తకాల్లో అడ్డతీగల పేరు ఒక్కచోట కనబడుతుంది. 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు దళం ముట్టడించిన పోలీస్ స్టేషన్ల వరసలో. ఆ తర్వాత ప్రభుత్వ పట్టికల్లో ఈ ఊరు ఎక్కడుంది? జిల్లా సగటులో ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా అడ్డతీగల తూర్పు గోదావరిలో భాగం. కోనసీమ కొబ్బరితోటలూ ఈ కొండలూ ఒకే గడిలో ఒకే అంకె. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అదే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5, ఆంధ్రప్రదేశ్‌ను పదమూడు జిల్లాలుగానే చూసింది. పిల్లల్లో రక్తహీనత ఎంత, కాన్పులు ఎక్కడ జరుగుతున్నాయి, టీకాలు ఎంతమందికి పడ్డాయి, అన్నిటికీ తూర్పు గోదావరికి ఒక్కో అంకె. అమలాపురం తల్లీ అడ్డతీగల కొండమీది తల్లీ కలిస్తే వచ్చిన సగటు తల్లి ఎక్కడుంటుంది? రెండు కొండల మధ్య లోయలో ఉంటుంది, ఆ లోయలో ఒక్క ఇల్లూ లేదు. రెండు శిఖరాలున్న విభాజనానికి సగటు ఇచ్చేది మనిషి లేని చోటి చిరునామా. ఆ చిరునామాకే ఏళ్లపాటు నిధులు, మందులు, పథకాలు పంపాం. అవి కొండకు ఎందుకు చేరలేదని ఇప్పుడు ఆశ్చర్యపడుతున్నాం.

జిల్లా మారింది కదా, ఇప్పుడు సరిపోయిందా అంటే అదీ లేదు. కొత్త జిల్లాలోనూ రోడ్డు పక్క ఊళ్లూ, రోడ్డు దిగి వాగు దాటి నడవాల్సిన ఊళ్లూ ఒకే సగటులో ఉన్నాయి. గీతలు ఎక్కడ గీసినా సగటు అదే పని చేస్తుంది. అంకె పక్కన విస్తృతి ఎంతో చెప్పని పట్టికను నమ్మొద్దని బడిలోనే నేర్పాలి. అది నేర్పనంతకాలం జిల్లాలు మార్చి లాభం లేదు.

ఇక తిండి సంగతి. ఇద్దరు రైతులు, అయిదేళ్ల జీడిపిక్కల దిగుబడి. ఒకరికి క్వింటాళ్లలో 4, 5, 5, 5, 6. ఇంకొకరికి 0, 1, 2, 9, 13. ఇద్దరికీ సగటు అయిదే. విస్తృతి మొదటాయనకు 0.4, రెండో ఆయనకు 26. పరీక్షలో రెండో లెక్క చేసిన పిల్లాడు 'ప్రామాణిక విచలనం 5.1' అని రాసి గీత గీసి ముగిస్తాడు. కొండమీద ఆ 5.1 అంటే ఏమిటో నేను చెబుతాను. సున్నా వచ్చిన ఏడు ఇంట్లో గింజలు లేవు. షావుకారు వచ్చాడు. 1/70 చట్టం ఉంది కాబట్టి కాగితం మీద భూమి గిరిజనేతరుడి పేరు మీదికి పోదు. కానీ పూత దశలోనే పంట పోతుంది. తర్వాత పదమూడు పండినప్పుడు ఆ పదమూడు పండించినవాడిది కాదు. సగటు ఇద్దరికీ అయిదే అయినా మొదటి రైతు రైతుగానే ఉన్నాడు, రెండో రైతు తన తోటలోనే కూలీ అయ్యాడు. ప్రామాణిక విచలనం అంటే అప్పు. అది అప్పు అని తెలిసిన పిల్లవాడు సూత్రం ఎన్నటికీ మరిచిపోడు.

ఈ కొండల్లో పోడు చేసే కొండరెడ్లకు, కొండదొరలకు ఇది పుస్తకం లేకుండానే తెలుసు. ఒకే చెలకలో సామ, కొర్ర, చోళ్లు, జొన్న, కంది కలిపి చల్లుతారు. చూడ్డానికి వచ్చిన అధికారికి అది పద్ధతి లేని సేద్యంలా కనబడుతుంది. అయిదు పంటల్లో ఒక్కోటీ అయిదేళ్లకోసారి పోతుందనుకోండి, ఒకదాని పోకకూ ఇంకోదానికీ సంబంధం లేకపోతే, అన్నీ ఒకే ఏడు పోయే సంభావ్యత 3,125లో ఒకటి. కరువు అన్నిటినీ కలిపి దెబ్బతీస్తుంది గనక నిజంగా ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది, ఒప్పుకుంటాను. అయినా ఒంటరి పంటకు అది అయిదులో ఒకటి. పెద్దవాళ్లు సగటును కొంత వదులుకుని సున్నాను దూరం పెట్టారు. సగటు ఆదాయం పెరుగుతుందని చెప్పి ఏజెన్సీ అంతటా ఒకే పంట తోటల్ని ప్రోత్సహించినప్పుడు విస్తృతి ఎంత పెరుగుతుందని ఎవరైనా అడిగారా? జీడిమామిడి వద్దని నేను అనను, చాలా ఇళ్లలో పొయ్యి వెలిగేది దానితోనే. రెండు అంకెలు చెప్పాల్సిన చోట ఒక్కటే చెప్పారంటున్నాను. వాతావరణ ఆధారిత పంటబీమా ఉంది కదా అంటారా? అది లెక్కవేసేది రైతు చేలో పడ్డ వానను కాదు, నిర్ణయించిన వాతావరణ కేంద్రంలో నమోదైన వానను. కొండకు ఇటు కురిసి అటు కురవని చోట ఆ లెక్క ఎవరికి తగులుతుందో, ఎవరికి తప్పుతుందో మళ్లీ విభాజనం ప్రశ్నే.

ఇదంతా పరాయి విద్య అనుకునేవారికి ఒక చరిత్ర చెప్పాలి. రెండు విభాజనాల మధ్య దూరాన్ని కొలవడం ఎలా అన్న ప్రశ్నకు లోకం వాడుతున్న జవాబుల్లో ఒకటి తెలుగువాడిచ్చినది. కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్. రావు. 1920లో నేటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు ఇంట పుట్టాడు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివాడు, కలకత్తాలో సాంఖ్యకశాస్త్రం చదివాడు. 1945లో, దాదాపు పాతికేళ్ల వయసులో, కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ఒక వ్యాసం రాశాడు. క్రేమర్-రావు హద్దు అందులోదే. రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం మొలకెత్తిందీ అక్కడే. సంభావ్యతా విభాజనాలను ఒక తలం మీది బిందువుల్లా చూసి వాటి మధ్య దూరం కొలిచే పద్ధతి కూడా ఆ వ్యాసంలోనే ఉంది. దాన్ని ఇప్పుడు ఫిషర్-రావు దూరం అంటారు. 2023లో అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమతి ఆయనకిచ్చారు. అదే ఏడాది ఆగస్టు 22న 102 ఏళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశాడు.

ఈ దూరాల విద్య మన దేశంలో ఎక్కడ మొదలైంది? మనుషుల ఒళ్లు కొలవడంలో. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1936లో తన దూరాన్ని ప్రతిపాదించింది జనసమూహాల శరీర కొలతలను పోల్చే పనిలోంచే. 1941లో ఉత్తరాదిన కులాల వారినీ తెగల వారినీ నిలబెట్టి తల పొడవు, ముక్కు వెడల్పు కొలిచారు. ఆ కొలతల విశ్లేషణను 1949లో మహలనోబిస్, డి.ఎన్. మజుందార్, సి.ఆర్. రావు కలిసి 'సంఖ్య' పత్రికలో అచ్చువేశారు. అంతకు ముందే మద్రాసు ప్రెసిడెన్సీలో ఎడ్గర్ థర్‌స్టన్ కొలబద్దలు పట్టుకుని తిరిగి, 1909లో దక్షిణాది కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు వేశాడు. రావు వ్యాసం వచ్చిన 1945లోనే మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ కొండరెడ్ల మీద పుస్తకం వేశాడు. అడవి మనిషి ముక్కు కొలిచారు, తల కొలిచారు, ఆచారాలు రాసుకున్నారు, గుడిసెలు లెక్కపెట్టారు. ఈనాటికీ లెక్కపెడుతూనే ఉన్నారు: రక్తం పడుతున్నారు, బరువు తూస్తున్నారు, వేలిముద్రలు తీస్తున్నారు. గిరిజనుణ్ణి కొలవని శాఖ లేదు. కొలిచే విద్యను గిరిజనుడి చేతిలో పెట్టిన శాఖ ఏది? తన గురించిన అంకెను తాను చదివి, 'ఈ సగటు నాది కాదు' అని చెప్పగల పిల్లని ఏ ఆశ్రమ పాఠశాల తయారు చేయాలనుకుంది?

సి.ఆర్. రావు మీద నాకు గౌరవం తప్ప మరొకటి లేదు. ఆయన పేరు చెప్పుకుని సభలు పెట్టి, ఆయన విద్యను కొండ ఎక్కనీయని మన మీదే నా కోపం.

'ఏజెన్సీ పిల్లలకు కూడికలే రావు, విభాజనాలు ఏం అర్థమవుతాయి' అనే మాట నేను చాలామంది చదువుకున్నవాళ్ల నోట విన్నాను. మీరు ఎప్పుడైనా ఆ పిల్లలు అష్టాచెమ్మా ఆడుతుంటే చూశారా? గవ్వలు లేకపోతే చింతపిక్కల్ని బండమీద ఒకవైపు అరగదీసి, నాలుగు పిక్కలు వేస్తారు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. పిక్క రెండు వైపులా సమానంగా పడేదైతే చెమ్మా పదహారులో ఒకటి, అష్టా పదహారులో ఒకటి. ఎక్కువ అరగదీసిన పిక్క తెలుపు వైపు నూటికి అరవైసార్లు పడుతుందనుకోండి. ఇప్పుడు చెమ్మా సంభావ్యత 0.1296, అష్టాది 0.0256. చెమ్మా అయిదు రెట్లు! వందసార్లు వేస్తే మొదటి పిక్కలకు రెండూ ఆరేసి చొప్పున, రెండో పిక్కలకు పదమూడు చెమ్మాలు, రెండో మూడో అష్టాలు. ఏ పిక్కలతో ఆడితే ఏం ఎక్కువ పడుతుందో పదేళ్ల పిల్లకు తెలుసు, అందుకే 'నా పిక్కలతోనే ఆడదాం' అని పేచీ పెడుతుంది. ఆ పేచీయే ద్విపద విభాజనాల పోలిక. మాస్టారు చేయాల్సింది ఒక్కటే: పలక మీద గళ్లు గీయించి, వందసార్లు వేయించి, రెండు పటాలు పక్కపక్కన నిలబెట్టించడం.

మన పదో తరగతి పుస్తకం ఏం ఇస్తుంది? నాణేలు, పాచికలు, పేకముక్కలు. ఎన్ని రాజులు, ఎన్ని ఎర్రముక్కలు, బొమ్మముక్కలు పన్నెండా పదహారా అన్నది ముందు బట్టీ పట్టాలి. పేకలో యాభై రెండు ముక్కలుంటాయని తెలియక మార్కులు పోగొట్టుకున్న ఆడపిల్లలున్నారు. సంభావ్యత వాళ్లకు రాలేదని రాసుకున్నాం. పైగా నాణెం సంభావ్యత సగం అని ముందే చెప్పేస్తారు. జీవితంలో సంభావ్యత ఎవరూ ముందు చెప్పరు. చూసి, లెక్కపెట్టి, అంచనా వేయాలి. చింతపిక్క ఆ పని నేర్పుతుంది, పుస్తకంలో నాణెం నేర్పదు.

నాణెం చోట పెట్టగలిగిన ఇంకో లెక్క, అన్నిటికన్నా అవసరమైన లెక్క, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధిది. ఈ తూర్పు కనుమల్లో అది ఉన్నదే. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ మిషన్ నలభై ఏళ్లలోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది, ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. పరీక్షలు చేస్తారు, కార్డు చేతికిస్తారు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే పుట్టే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు అని చెబుతారు. ఆ మాట వింటున్న తల్లికి ఇప్పటికే జబ్బున్న బిడ్డ ఒళ్లో ఉంది. నలుగురిలో ఒకరికి వస్తుందన్నారు, ఆ ఒకరూ వచ్చేశారు, ఇక ముగ్గురికి భయం లేదనుకుంటుంది. ఆమె తెలివితక్కువది కాదు. మనం చెప్పిన వాక్యానికి ఆ అర్థమే వస్తుంది. ప్రతి కాన్పూ మళ్లీ మొదటినుంచి, ప్రతిసారీ నాలుగో వంతే. ఇద్దరు బిడ్డలైతే ఇద్దరూ క్షేమంగా ఉండే అవకాశం 9/16, ఒకరికి వచ్చేది 6/16, ఇద్దరికీ వచ్చేది 1/16. ముగ్గురైతే కనీసం ఒకరికి వచ్చేది 37/64, సగానికి పైమాటే. ఇది ఇంటర్ పుస్తకంలోని ద్విపద విభాజనం, అక్షరం తేడా లేదు. అడ్డతీగల కాలేజీలో చదివే పిల్ల ఇంటికెళ్లి తన వదినకు ఈ భిన్నాలు చెప్పగలిగితే, ఆ ఇంట్లో ఒక నిర్ణయం మారుతుంది. అదే పిల్ల సి విలువ 1/3 అని రాసి మార్కులు తెచ్చుకుంటే ఏం మారుతుంది? తరగతిలో ఈ లెక్క చెప్పేటప్పుడు జాగ్రత్త కావాలి, ఆ బెంచీల మీదే జబ్బున్న పిల్లవాడు కూర్చుని ఉండొచ్చు. ఎవరి పేరూ, ఎవరి ఇల్లూ ఎత్తకుండా చెప్పాలి. అంత జాగ్రత్త తెలిసిన మాస్టార్లు ఈ కొండల్లో ఉన్నారు. వాళ్లకు సిలబస్ ఊపిరి ఆడనివ్వడం లేదు.

ఊపిరి ఆడనివ్వని దాని పేరు ఉత్తీర్ణత శాతం. ప్రతి సంవత్సరం ఫలితాలు రాగానే ఏజెన్సీ కాలేజీలకు ఒక్కో అంకె వేస్తారు, ఆ అంకె తగ్గితే సంజాయిషీ అడుగుతారు. దాంతో డిసెంబరు నుంచే చదువు ఆగిపోయి 'పాస్ మెటీరియల్' మొదలవుతుంది. వచ్చే లెక్కలు ఇవీ అని నక్షత్రాలు పెట్టిన కాగితాలు, అవే పదిసార్లు, ఇరవైసార్లు రాయించడం. ఉత్తీర్ణత శాతం కూడా విభాజనాన్ని మింగిన ఒక అంకే. పాస్ గీతకు ఒక మార్కు పైన నిలిచిన నలభై మంది, తొంభై తెచ్చుకున్న నలభై మంది ఆ శాతానికి ఒకటే. గీత కింద అయిదు మార్కుల్లో ఉన్నవాణ్ణి పైకి తోస్తే శాతం పెరుగుతుంది. సున్నా దగ్గర ఉన్నవాడికి ఇరవై మార్కుల చదువు చెబితే శాతం కదలదు, అందుకని వాణ్ణి వదిలేస్తారు. సగటుతో ఊళ్లను ఎలా వదిలేశారో శాతంతో పిల్లల్ని అలా వదిలేస్తున్నారు. పై అధికారి అడగాల్సింది ఎంతమంది పాసయ్యారని కాదు. మార్కుల పటం గీసి చూపించమని అడగాలి, నిరుటి పటం పక్కన పెట్టమని అడగాలి.

నేను అడుగుతున్నది పెద్దదేమీ కాదు. రంపచోడవరంలోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) తన పరిధిలోని ప్రతి జూనియర్ కాలేజీకీ పల్లెలవారీ లెక్కలు, పేర్లు తీసేసి, నెలనెలా ఇవ్వాలి: జ్వరం కేసులు, చావులు, పుట్టుకలు, వాన. ఇవన్నీ ఇప్పటికే ఎవరో రాస్తున్నవే, ఆశా కార్యకర్త రాస్తోంది, ఏఎన్‌ఎం రాస్తోంది. రెండో సంవత్సరం పిల్లలు ఆ నెల రావాల్సిన వరసా వచ్చిన వరసా పక్కపక్కన గీయాలి. తేడా వచ్చిన పల్లె పేరు ప్రిన్సిపాల్ సంతకంతో ఆసుపత్రికి పోవాలి, అది అందిన వారంలో ఎవరు వెళ్లారో, ఏం చూశారో జవాబు కాలేజీకి తిరిగి రావాలి. ఇంటర్ బోర్డు కూడా ఒక పని చేయాలి. గణితం పేపరులో విభాజనాల నుంచి అడిగే ప్రశ్నలో చలరాశి దేన్ని లెక్కపెడుతోందో రాయకుండా ప్రశ్న అచ్చువేయకూడదు. జవాబు చివర 'దీన్నిబట్టి నువ్వేం చేస్తావు' అన్న ఒక్క వాక్యానికి ఒక మార్కు కేటాయించాలి.

పిల్లల చేతికి చావుల లెక్క ఇవ్వడం బాగుండదని కొందరంటారు. ఈ పిల్లలు ఆ చావుల్ని చూసే పెరిగారు. వాళ్ల ఇళ్లలోంచే పాడెలు లేచాయి. దాచడం వల్ల కాపాడిందేమీ లేదు. భయపెడతారని, పుకార్లు పుడతాయని ఇంకొందరంటారు. పుకారు పుట్టేది అంకె తెలియనప్పుడు. చేతబడి అనీ, దేవత ఆగ్రహమనీ, ఫలానా ముసలిదాని చూపు అనీ కొండమీద అమాయకుల మీద పడే నిందలు ఎక్కడినుంచి వస్తున్నాయి? మూడు చావులు వరసగా ఎందుకొచ్చాయో చెప్పగలిగినవాడు ఊళ్లో లేకపోవడం నుంచి. అలాంటివాణ్ణి పదిహేడేళ్లకు తయారు చేసి పంపగలిగే కాలేజీ అడ్డతీగలలో ఉంది, పుస్తకం ఉంది, మాస్టారు ఉన్నాడు. ఆసుపత్రి రిజిస్టరుకూ కాలేజీ బల్లకూ మధ్య ఒక ఫైలు కదలాలి, ఆ ఫైలు మీద సంతకం పెట్టాల్సిన అధికారి ఈ వానాకాలం జ్వరాలు మొదలయ్యే లోపు పెట్టాలి.